మోత తగ్గాలనే మూడో సబ్‌వూఫర్

మా హాల్లో మూడు సబ్‌వూఫర్లు ఉన్నాయని తెలిస్తే కుర్రవాళ్ల కళ్లు మెరుస్తాయి. "అంకుల్, ఇల్లు అదిరిపోతుందా?" అని అడుగుతారు. కచేరీలు వినీ వినీ చెవులు పండిన పెద్దలైతే పెదవి విరుస్తారు. "ఇన్నాళ్లూ మంచి శ్రోతవనుకున్నాం" అన్నట్టు చూసి, వచ్చిన కాఫీ తాగి వెళ్లిపోతారు. మెచ్చుకోలు ఒకరిది, చిన్నచూపు మరొకరిది అయినా ఇద్దరి నమ్మకమూ ఒకటే. సబ్‌వూఫర్ అంటే మోత, ఒకటుంటే ఒక మోత, మూడుంటే మూడింతల మోత. ఈ నమ్మకం తలకిందులుగా తప్పని నా వాదన. నేను రెండోది కొన్నది మోత తగ్గాలని. మూడోది కొన్నది మిగిలిన మోత కూడా పోవాలని.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదని ఒప్పుకోవాలి. మన చెవులకు సబ్‌వూఫర్ పరిచయమైన తీరే అలాంటిది. సీటు కింద డబ్బా బిగించి వీధి వీధంతా వణికించే ఆటోలు, కోఠి గుజరాతీ గల్లీలో రంగు లైట్లతో సహా కట్టించుకున్న అసెంబుల్డ్ సెట్లు, పెళ్లి ఊరేగింపులో గుండెల మీద గుద్దే డీజే బళ్లు, ఆ తర్వాత టీవీ కింద మూలకి నెట్టిన హోమ్ థియేటర్ డబ్బా. వీటిలో ఏదీ సంగీతం కోసం పెట్టింది కాదు. పేలుళ్ల కోసమూ హడావుడి కోసమూ పెట్టినవి. వాటిని విన్నవాడు "స్టీరియోలో దీనికేం పని" అంటే తప్పు పట్టలేం. తప్పంతా ఆ తర్వాత వేసే అడుగులో ఉంది. మోత పుట్టేది డబ్బాలో అనుకోవడంలో ఉంది. ఎక్కువ సందర్భాల్లో మోత పుట్టేది గదిలో.

మా హాలు 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఆ లెక్కన 40 హెర్ట్జ్ స్వరానికి ఒక్క అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, అంటే మా హాలు పొడవుకు ఇంచుమించు రెండింతలు. ఆ అల ఎదుటి గోడను తాకి తిరిగొచ్చేసరికి, వెనకాల వస్తున్న అలతో సరిగ్గా అడుగు కలుస్తుంది. ఉయ్యాల వెనక్కి వచ్చిన ప్రతిసారీ తోస్తూ పోతే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. పొడవు చివర్ల రెండు గోడల దగ్గరా ఆ స్వరం ఉప్పొంగుతుంది, గది నడుమ దాదాపు మాయమవుతుంది. దీన్నే రూమ్ మోడ్ అంటారు. ఇలాంటిదే వెడల్పుకు 51 హెర్ట్జ్ దగ్గర, ఎత్తుకు 56 దగ్గర, పొడవూ వెడల్పూ కలిసి ఆడేది 65 దగ్గర, పొడవుకే రెండోది 80 దగ్గర ఉన్నాయి. టేపు పెట్టి గది కొలిస్తే ఎవరైనా పది నిమిషాల్లో వేసుకోగల లెక్క ఇది.

ఈ అంకెలను సంగీతంలోకి తెచ్చి చూడండి. బాస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగను ఖాళీగా మీటితే 41 హెర్ట్జ్. ఇళయరాజా పాటల్లో గొంతు వదిలేసి బాస్ గిటార్ వెంట నడిచే అలవాటున్నవాళ్లకు నా బాధ అర్థమవుతుంది. వాయించినవాడు సమంగా వాయించిన వరసలో ఒక స్వరం గదంతా నిండుతుంది, పక్క స్వరం ఎటో పోతుంది. పైగా ఈ అడుగు స్వరాల దగ్గర మన చెవి మహా కచ్చితం. మధ్య స్థాయిలో 10 డెసిబెళ్ల మార్పు ఎంత తేడాగా అనిపిస్తుందో, ఇక్కడ అందులో సుమారు సగం మార్పుకే అంత తేడా అనిపిస్తుంది.

కచేరీల మాటకొద్దాం, ఎందుకంటే "మా సంగీతంలో అంత బాస్ ఎక్కడిది" అనేవాళ్లే ఎక్కువ. ఒకటి శ్రుతిలో పాడే గాయకుడికి షడ్జమం 131 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మృదంగం కుడివైపు దానికి కలుపుతారు. ఎడమవైపు తొప్పికి రవ్వ పెట్టి సుమారు ఒక స్థాయి కిందికి దింపుతారు. అంటే 65. మా హాల్లో పొడవూ వెడల్పూ కలిసి ఆడే మోడ్ సరిగ్గా అక్కడే కాపు కాసి ఉంది.

నా దగ్గర ఒకే సబ్‌వూఫర్ ఉన్న రోజుల్లో అది ముందు గోడ మూలన ఉండేది. మూలన పెడితే బాస్ ఎక్కువొస్తుందని అమ్మినవాడు చెప్పాడు. నిజమే చెప్పాడు. మూలన పెట్టిన సబ్‌వూఫర్ గదిలోని ప్రతి మోడ్‌నూ నిద్రలేపుతుంది. వెనక గోడ దగ్గర సోఫా మధ్యలో నేను కూర్చునేవాణ్ని. పక్క గోడవార వాలుకుర్చీలో నాన్నగారు. కచేరీ మొదలైన పది నిమిషాలకు ఆయన, "ఆ తొప్పి మోత కాస్త తగ్గించరా, తల దిమ్మెక్కిపోతోంది" అనేవారు. నాకేమో తొప్పి వినబడేదే కాదు. ఆయనకు వయసు మీదపడి చెవులు మారాయనుకున్నాను. నాకు వినడం రాదని ఆయన అనుకున్నారు. ఇద్దరివీ మంచి చెవులే. 65 మోడ్ పక్క గోడ దగ్గర ఉప్పొంగుతుంది, గది నడిమి గీత మీద సున్నా అవుతుంది. ఆయన కుర్చీ ఆ పొంగులో ఉంది, నా చోటు ఆ సున్నాలో ఉంది. ఒకే గదిలో, ఒకే డిస్క్‌లో, ఇద్దరం రెండు మృదంగాలు విన్నాం.

ఇక్కడే మొదటి ప్రతివాదం వస్తుంది: "దానికి ఇంకో డబ్బా ఎందుకు? ఈక్వలైజర్ పెట్టి సరిచెయ్యి." ఏది సరిచెయ్యమంటారు? 65 దగ్గర తగ్గిస్తే నాన్నగారికి హాయి, నాకు ఉన్న ఆ కాస్త తొప్పి కూడా పోతుంది. పెంచితే ఆయన లేచి వరండాలోకి వెళ్లిపోతారు. ఈక్వలైజర్ స్పీకర్‌లోంచి వెళ్లే శబ్దాన్ని మార్చగలదు కానీ ఏ కుర్చీకి ఎంత పంచాలో దానికి తెలియదు. ఒక్కరే, ఒక్కచోటే, తల కదపకుండా వినేవారికి పొంగును కోసిపెట్టడానికి అది బాగానే పనికొస్తుంది. గొయ్యిని పూడ్చడానికి మాత్రం పనికిరాదు. ఎంత పెంచితే ఎదురొచ్చే అల కూడా అంతే పెరిగి మళ్లీ అంతే కొట్టేస్తుంది. ఆంప్లిఫయర్ వేడెక్కుతుంది, అంతే.

రెండో ప్రతివాదం ఫోమ్ పలకలది. గోడలకు రెండంగుళాల స్పాంజి అంటించి "అకౌస్టిక్ ట్రీట్‌మెంట్" అని పేరు పెడతారు. అలాంటి మెత్తని సరుకు ఒక స్వరాన్ని గట్టిగా పీల్చాలంటే దాని అలలో నాలుగో వంతు మందం కావాలి. 40 హెర్ట్జ్‌కు అది రెండు మీటర్ల పైమాట. అంత మందం కట్టాక హాల్లో కూర్చోవడానికి చోటుండదు. రెండంగుళాల స్పాంజి చప్పట్ల ప్రతిధ్వనిని మింగుతుంది, బాస్ వైపు కన్నెత్తి చూడదు. పైన స్వరాలు చచ్చి కింద మోత అలాగే మిగలడం వల్ల గది మునుపటి కన్నా బరువుగా వినిపిస్తుంది కూడా.

అమెరికా రచయితలు "మా గదిలో ఒకటే చాలింది" అని రాస్తే దాన్ని మనకు వర్తింపజేసుకునే ముందు గోడ మీద ఒకసారి తట్టి చూడాలి. అక్కడి ఇళ్లలో లోపలి గోడలు చాలావరకు కర్ర చట్రం మీద జిప్సం పలకలు. బాస్ తగిలితే అవి కాస్త ఊగి, కాస్త మింగుతాయి. మనవి ఇటుక, సిమెంటు, పైన స్లాబు, కింద టైల్సు. మింగేదేమీ ఉండదు. వచ్చింది వచ్చినట్టు తిప్పికొడతాయి. వాళ్లకు చిన్న గుట్ట అయ్యేది మనకు కొండవుతుంది.

నేను రెండో సబ్‌వూఫర్ కొన్నప్పుడు మొదట చేసింది వెర్రిపనే. మొదటిదాని మీద దాన్ని ఎక్కించాను. మోత ఇంకా పెరిగింది. ఒకచోటే రెండు కలిసి ఒకే అడుగుతో ఊదితే 6 డెసిబెళ్లు పెరగడం తప్ప ఇంకేమీ కాదు, అది ఒక పెద్ద సబ్‌వూఫర్ కిందే లెక్క. చాలామంది ఇక్కడిదాకా వచ్చి రెండోదాన్ని తిట్టి అమ్మేస్తారు. కిటుకు సంఖ్యలో లేదు, చోటులో ఉంది. ఒకదాన్ని ముందు గోడ నడుమ, రెండోదాన్ని సోఫాను అడుగున్నర ముందుకి జరిపి వెనక గోడ నడుమ పెట్టి, రెండింటికీ ఒకే సంకేతం ఇచ్చాను. ఇప్పుడు 40 దగ్గర ఉయ్యాలను ఇద్దరు తోస్తున్నారు, ఒకరు ఇటు నుంచి, ఒకరు అటు నుంచి, ఒకే క్షణంలో. ఉయ్యాల కదలదు. 51, 65 మోడ్‌లకు ఆ గోడ నడుమ చోటే సున్నా, అక్కడి నుంచి ఎంత ఊదినా అవి లేవవు. తొప్పి మొదటిసారి ఇద్దరికీ ఒకేలా వినిపించింది. నాన్నగారు ఏమీ అనలేదు. ఆయన విషయంలో అదే మెప్పు.

బాస్ పోలేదు, గుర్తుంచుకోండి. మోడ్ కూలిపోయాక మిగిలేది గదంతా దాదాపు సమంగా పరుచుకునే బాస్. పోయింది ఒక స్వరానికి ఉన్న పెత్తనం. అందుకే మా ఇంటికొచ్చిన కుర్రవాళ్లు నిరాశపడతారు. పాటలో బాస్ లేనప్పుడు గదిలోనూ ఉండదు.

లెక్కలో ఒక చిక్కు మాత్రం మిగిలింది. ముందూ వెనకా గోడల నుంచి తోస్తే 40 ఆగుతుంది కానీ 80 రెట్టింపవుతుంది. ఆ రెండో మోడ్‌లో రెండు చివర్లూ ఒకేసారి లేస్తాయి కాబట్టి ఇద్దరి తోపుడూ కలిసిపోతుంది. ఒకటి శ్రుతి గాయకుడు బాగుపడ్డాడు, రెండున్నర శ్రుతివాళ్లు చిక్కుల్లో పడ్డారు. వారి మృదంగంలో తొప్పి 78 దగ్గర ఉంటుంది, 80కి పక్కిల్లు. మూడో సబ్‌వూఫర్ వచ్చింది అందుకు. పక్క గోడకు సరిగ్గా మధ్యలో, మిగతా ఇద్దరూ పైకి తోసే క్షణంలో 80ని కిందికి లాగే చోట దాన్ని కూర్చోబెట్టాను. మూడింటి గెయిన్ కలిపి చూసినా ఒకప్పుడు మూలన ఒంటరిగా మోగిన దాని గెయిన్ కన్నా ఎక్కువ కాదు.

ఇదంతా నేను కనిపెట్టిన విద్యేమీ కాదు. హార్మన్ సంస్థ ఇంజనీరు టాడ్ వెల్టి 2002లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ సదస్సుకు సమర్పించిన పత్రం అడిగిన ప్రశ్నే ఇది, ఎన్ని సబ్‌వూఫర్లు చాలు అని. దీర్ఘచతురస్రపు గదిలో రకరకాల అమరికలు లెక్కగట్టి ఆయన తేల్చింది: నాలుగు గోడల నడుమ నాలుగు పెడితే కుర్చీకీ కుర్చీకీ తేడా బాగా తగ్గుతుంది, ఎదురెదురు గోడల నడుమ రెండు పెట్టినా దానికి బాగా దగ్గరగా వస్తుంది, నాలుగు దాటితే చెప్పుకోదగ్గ లాభం లేదు. గదుల అడుగు స్వరాల మీదే డాక్టరేట్ చేసిన ఎర్ల్ గెడ్డెస్ దారి ఇంకొకటి. ఆయనకు సౌష్ఠవంతో పని లేదు. మూడో నాలుగో చిన్న సబ్‌వూఫర్లు ఒకదానికొకటి దూరంగా, ఒక పోలిక లేకుండా చల్లమంటాడు. మన ఇళ్లకు ఈ రెండోదే ఎక్కువ నప్పుతుంది, ఎందుకంటే మన హాలుకు నాలుగు గోడలు ఉండనే ఉండవు. ఒకవైపు డైనింగ్ తెరుచుకుని ఉంటుంది, ఒకవైపు బాల్కనీ, గోడ నడుమ సరిగ్గా పూజగది తలుపు. దానికి తోడు వాస్తు. ఈశాన్యంలో బరువు పెట్టకూడదని వంటిల్లే మార్పించిన మనిషి, సబ్‌వూఫర్‌ను నాలుగడుగులు జరపమంటే "అంత పట్టింపు దేనికండీ" అన్నాడు.

ఇప్పుడు శుద్ధశ్రోతల సంగతి. వీరి వాదన గంభీరంగా ఉంటుంది: స్టీరియో అంటే రెండు స్పీకర్లు, మంచి టవర్ స్పీకర్లు కొంటే బాస్ వాటిలోనే వస్తుంది, మధ్యలో ఇంకో పెట్టె అపవిత్రం. అయ్యా, మీ టవర్ల అడుగున ఉన్న వూఫర్లు ఏమిటనుకుంటున్నారు? కదపడానికి వీల్లేని రెండు సబ్‌వూఫర్లు. గాయకుడు మధ్యలో నిలబడి పాడుతున్నట్టు వినబడాలంటే స్పీకర్లు ముందు గోడకు కాస్త ఎడంగా, మీతో సమత్రిభుజం కట్టి ఉండాలి. బాస్ సమంగా రావాలంటే అది పుట్టాల్సిన చోట్లు వేరు. ఈ రెండు పనులనూ ఒకే పెట్టెలో మేకులు కొట్టి బిగించి, రెండూ బాగా జరగాలని కోరుకోవడం శుద్ధి ఎలా అవుతుంది? పైగా ఒక స్థాయి కిందికి దిగినప్పుడల్లా అదే మోతాదు శబ్దానికి కోన్ నాలుగింతలు కదలాలి. 80 కింది బరువు దించేస్తే చిన్న వూఫర్ కూడా గొంతును ఎంత తేటగా పలుకుతుందో వినాలి.

"సబ్‌వూఫర్ బాస్ నిదానం, సంగీతం వేగాన్ని అందుకోలేదు" అనేది వీరికి ఇష్టమైన ఇంకో మాట. పెద్ద కోన్ బరువు కాబట్టి వెనకబడుతుందట. 40 హెర్ట్జ్ అల ఒక్కసారి లేచి పడడానికే 25 మిల్లీసెకన్లు పడుతుంది, అంతకన్నా చురుగ్గా పలికితే అది 40 హెర్ట్జే కాదు. దెబ్బ మొదట్లో టక్కుమనే చురుకు వేల హెర్ట్జ్‌లో ఉంటుంది, అది మీ ప్రధాన స్పీకర్లు పలికేదే. నిదానంగా అనిపించేది దెబ్బ ఆగిపోయాక కూడా ఆగని మోడ్. గట్టి గోడల గదిలో అది సెకను దగ్గరదాకా సాగగలదు, ఈలోపు ఇంకో మూడు దెబ్బలు పడిపోతాయి. నిందితుడు గది. శిక్ష మాత్రం కోన్‌కు.

ఎల్పీ అభిమానులు బాస్‌ను ఒకటిగా కలిపితే స్టీరియో చచ్చిపోతుందంటారు. ఎల్పీ గాడి కోసేటప్పుడు అడుగు స్వరాలను రెండు చానెళ్లకూ ఒకటిగా కలిపేయడం పరిపాటి. లేకపోతే ముల్లు గాడిలోంచి ఎగిరిపడుతుంది. వారు పూజించే పళ్లెంలోనే ఆ అపచారం జరిగి ఉంది. 80 హెర్ట్జ్‌కు కింద శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో పోల్చుకోవడం చెవికి చాలా కష్టం కాబట్టే వారికి అది పట్టుబడలేదు.

ఇందులో ఒక్క మాట మాత్రం నేను కొట్టిపారేయను. పెద్ద హాల్లో దూరదూరంగా మైకులు పెట్టి రికార్డు చేసిన సంగీతంలో, కుడి ఎడమ బాస్‌ల మధ్య తేడా వల్లే ఆ హాలు వైశాల్యం చెవికి తెలుస్తుందని ధ్వనిశాస్త్రవేత్త డేవిడ్ గ్రీసింగర్ వాదించాడు. చర్చి ఆర్గాన్, పాశ్చాత్య ఆర్కెస్ట్రా ఎక్కువగా వినేవారు దాన్ని పట్టించుకోవాలి. వారికి కూడా జవాబు సబ్‌వూఫర్ మానేయడం కాదు, కుడికొకటి ఎడమకొకటి పెట్టుకోవడం.

డబ్బు మాట. ఒక 12 అంగుళాల పెద్దది కొనే సొమ్ముకు రెండు చిన్నవి వస్తాయంటే, సంగీతానికి కళ్లు మూసుకుని రెండు చిన్నవే తీసుకోమంటాను. ఒంటరిగా, ఒకే కుర్చీలో, అద్దె గదిలో వినేవారు ఒకటి పెట్టుకుని ఈక్వలైజర్‌తో సరిపెట్టుకున్నా నాకు తగవు లేదు. ఎలాగూ ఒకటే పెట్టేవాళ్లు దాన్ని ఎక్కడ పెట్టాలో కనుక్కునే పాత ఉపాయం ఉంది. సబ్‌వూఫర్‌ను మీరు కూర్చునే చోట, అవసరమైతే సోఫా మీదే పెట్టి, పాట నడుస్తుండగా గోడవెంట పాకుతూ వినాలి. ఏ చోట బాస్ సమంగా వినబడితే సబ్‌వూఫర్‌ను అక్కడికి మార్చాలి. అటు నుంచి ఇటు ఎలా వినబడుతుందో ఇటు నుంచి అటూ అలాగే వినబడుతుంది. నేను మోకాళ్ల మీద హాలంతా తిరుగుతుంటే అమ్మ వంటింట్లోంచి వచ్చి కాసేపు చూసి, "ఏం పోయిందిరా, చీపురు తేనా?" అంది.

ఒకటికి మించితే చెవి ఒక్కటే చాలదు, కొలవాలి. కొలత మైకు ఒకటి, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ప్రోగ్రామ్ ఉంటే ఒక ఆదివారం పని. ముందు సబ్‌వూఫర్లు ఒకదానితో ఒకటి, ఆ తర్వాత అన్నీ కలిసి ప్రధాన స్పీకర్లతో అడుగు కలపాలి. ఒక మిల్లీసెకను తేడా అంటే పెట్టెను 34 సెంటీమీటర్లు జరిపినట్టు. ఈక్వలైజర్ ఇదంతా అయ్యాక, మిగిలిన చిన్న పొంగులకు. ముందే ఈక్వలైజర్ తిప్పేవాళ్లు పునాది తవ్వకుండా సున్నం కొట్టేవాళ్లు.

నా హాల్లో ఇంకా లొంగనిది ఒకటుంది. ఎత్తుకు సంబంధించిన 56 హెర్ట్జ్. మూడు సబ్‌వూఫర్లూ నేల మీదే ఉన్నాయి కాబట్టి ముగ్గురూ కలిసి దాన్ని ఒకే వైపు తోస్తున్నారు. బాస్ గిటార్‌లో లావులో రెండోదైన తీగను ఖాళీగా మీటితే 55. ఆ స్వరం వచ్చినప్పుడల్లా పైన సజ్జ మీదున్న అమ్మమ్మగారి ఇత్తడి గుండిగలు సన్నగా గిలగిలలాడతాయి. పైకప్పు దగ్గర ఒక చిన్న సబ్‌వూఫర్ పెడితే, నేల నుంచి తోసేదాన్ని అది పై నుంచి ఆపుతుంది. సజ్జ మీద సరిగ్గా దానికి సరిపడే చోటు ఒక్కటే ఉంది, అక్కడ గుండిగలు ఉన్నాయి. వాటిని దించే ప్రసక్తి రెండుసార్లు తెచ్చాను. రెండుసార్లూ నాన్నగారు పేపరు చాటునుంచి తల ఎత్తలేదు, అమ్మ మాత్రం "నాలుగోదా?" అని ఒక్క మాట అంది.